సర్వర్ తెరను వీధి మీద పెట్టకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఊళ్లోనే ఉండి హైదరాబాదు, బెంగళూరు కంపెనీల పనులు చేసుకుంటున్న మా కోనసీమ పిల్లల గురించి మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త రెండుసార్లు చదివాను. కొబ్బరితోటలో మడతమంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న అబ్బాయి ఫొటో చూస్తే సంతోషం వేసింది. అయితే ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్‌ని ఇంట్లోంచి తెరుచుకోవడానికి మంచి పాస్‌వర్డ్ ఒకటి పెట్టుకుంటే సరిపోతుందన్నట్టు అందులో రాశారు. సరిపోదండీ. సరిపోతుందని నమ్మి నేను మూడు నెలల పని పోగొట్టుకున్నాను. పోయింది నా ఒక్కడి పని కాదు, రెండు వందల పైచిలుకు రైతులది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా ప్రచురించమని కోరుతున్నాను.

నేను ఇరిగేషన్‌లో 34 ఏళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ట్రేసింగ్ గుడ్డ మీద ఇండియన్ ఇంకుతో కాలువల సెక్షన్లు గీసినవాళ్లలో ఆఖరి తరం మాది. కోనసీమకు నీళ్లు తెచ్చే కాలువల గురించి అందరూ మాట్లాడతారు. ఆ నీళ్లు బయటికి పోవాల్సిన డ్రెయిన్ల గురించి మాత్రం పొలం మునిగినప్పుడే గుర్తొస్తుంది. 2011లో ఇక్కడి రైతులు సార్వా వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించడానికి ఉన్న కారణాల్లో ఈ ముంపు ఒకటి. శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరిచెట్లు మొవ్వు వాల్చేసిన సంగతి మీ పాఠకులకు నేను చెప్పక్కర్లేదు. ఏ డ్రెయిన్‌లో ఎంత పూడిక ఉందో, గుర్రపుడెక్క ఎక్కడ అడ్డుపడుతోందో, ఎవరి పొలం ఎన్ని రోజులు మునిగి ఉందో మన దగ్గరే లెక్క ఉంటే అధికారులతో మాట్లాడటం తేలికని మా చుట్టుపక్కల రైతులు అనుకున్నారు. నన్ను పిలిచారు.

ఎండాకాలంలో కాలువలు కట్టేసి, డ్రెయిన్లలో నీళ్లు తగ్గినప్పుడు లెవెళ్లు, అంటే నేల ఎత్తుపల్లాల కొలతలు, తీస్తాం. వాటిని క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి గ్రామ పటాల మీద పరుస్తాను. మా అబ్బాయి వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లో 4 జీబీ మెమరీ ఉంది. శాటిలైట్ బొమ్మ ఒకటి, 11 గ్రామాల పటాలు కలిపి తెరిస్తే అది బిగుసుకుపోయేది. అప్పుడు హైదరాబాదులో ఉన్న మా మేనల్లుడు ఒక మార్గం చెప్పాడు. "మామయ్యా, కొత్త ల్యాప్‌టాప్ ఎందుకు? లైనక్స్ సర్వర్ ఒకటి అద్దెకు తీసుకుందాం. మ్యాపులన్నీ అక్కడే నడుస్తాయి. నీ దగ్గరికి తెర బొమ్మ మాత్రం వస్తుంది" అన్నాడు. రైతులు తలా కొంత వేసుకుని అద్దె కట్టారు.

దీని వల్ల మాకు కలిగిన మేలు ముందు చెప్పాలి. సర్వర్ అంటే అద్దె కంపెనీ దగ్గర ఎప్పుడూ నడుస్తూ ఉండే కంప్యూటరు. మన దాంట్లో విండోస్ ఉన్నట్టే అందులో లైనక్స్ ఉంటుంది. ఆ సర్వర్‌కి మానిటరు ఉండదు, మౌసు ఉండదు. దాని మెమరీలోనే ఒక డెస్క్‌టాప్ తయారవుతుంది. వీఎన్‌సీ అనే ప్రోగ్రాం ఆ డెస్క్‌టాప్ బొమ్మను మన దగ్గరికి పంపిస్తుంది, మన మీటల నొక్కుళ్లను, మౌసు కదలికలను అక్కడికి చేరవేస్తుంది. ఇక్కడ గాలివాన వచ్చి కరెంటు పోయినా, సెల్ టవరు ఆగిపోయినా అక్కడి పని ఆగదు. తిరిగి కలిపితే పెన్ను ఎత్తిన చోటనే ఉంటుంది. తుఫాను రోజుల్లో మా ఊళ్లో రెండు మూడు రోజులు కరెంటు ఉండదు. అలాంటి చోట బతికేవాళ్లకు ఇదెంత ఊరటో రాసి చెప్పలేను. కాబట్టి సర్వర్ డెస్క్‌టాప్ వాడొద్దని నేను అనడం లేదు. వాడాలి, మన పల్లెల్లో ఇంకా ఎక్కువగా వాడాలి.

మేనల్లుడికి ఆ నెల ఆఫీసులో పని ఎక్కువై, సర్వర్ సిద్ధం చేసే బాధ్యత పట్నంలో కంప్యూటర్ షాపు పెట్టుకున్న ఒకాయనకు అప్పగించాను. ఆయన అరగంటలో చేసి ఇచ్చారు. నా ల్యాప్‌టాప్‌లో చిరునామా కొట్టి, పక్కన 5901 అనే పోర్టు నంబరు కొట్టి, పాస్‌వర్డ్ ఇస్తే తెర వచ్చేసింది. పాస్‌వర్డ్ నేనే పెట్టాను. ఇంగ్లీషు అక్షరాల్లో గోదావరి అని రాసి, పక్కనే 1986 చేర్చాను. ఆ ఏడాది ఆగస్టు వరద చూసినవాడిని కాబట్టి మరిచిపోనని. పన్నెండు అక్షరాలు, గట్టిదే అనుకున్నాను.

ఆగస్టు చివర ఒకరోజు పొద్దున్నే తెర తెరిచేసరికి మౌసు బాణం దానంతటదే కదులుతోంది. నా చెయ్యి బల్ల మీద ఉంది. బాణం వెళ్లి నల్లటి టెర్మినల్ కిటికీ తెరిచింది, అందులో అక్షరాలు పడుతున్నాయి. మేనల్లుడేమో అనుకుని ఫోన్ చేశాను. "నేను బస్సులో ఉన్నాను మామయ్యా. ముందు సర్వర్ ఆపెయ్. అద్దె కంపెనీ వెబ్‌సైట్‌లోకి వెళ్లి స్టాప్ నొక్కు" అని అరిచాడు. చేతులు వణుకుతుంటే ఆ బటన్ వెతుక్కోవడానికి పావుగంట పట్టింది. తర్వాత వాడు వచ్చి చూస్తే, ఆ దొంగ అంతకు వారం ముందే లోపలికి వచ్చాడని తేలింది. మా సర్వర్‌ని ఎవరి కోసమో క్రిప్టో నాణేల లెక్కలు చేయడానికి తిప్పుతున్నాడు, చోటు కోసం మా మ్యాపుల ఫోల్డర్లు చెరిపేశాడు. నా హార్డ్ డిస్కులో ఉన్న ఆఖరి కాపీ మే నెలది. జూన్, జూలై, ఆగస్టులలో ఎక్కించినదంతా పోయింది. లెవెళ్ల ఫీల్డు పుస్తకాలు పెన్సిలుతో రాసినవి బీరువాలో ఉండబట్టి మళ్లీ మొదలుపెట్టగలిగాం.

నన్ను నిద్రపోనివ్వనిది మ్యాపులు కాదు. అదే సర్వర్‌లో రైతుల ఫోన్ నంబర్లు, పాస్‌పుస్తకాల నకళ్లు, కొందరి ఆధార్ కాపీలు ఉన్నాయి. అవి ఎవరి చేతికి వెళ్లాయో చెప్పలేం. రామాలయం అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. వెనక వరసలో కూర్చున్న ఒక రైతమ్మ లేచి, "నా ఆధార్ కాయితం కూడా అందులో ఉందా అండీ?" అని అడిగారు. ఉందమ్మా అన్నాను. ఆవిడ ఇంకేమీ అనలేదు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. కేంద్ర ప్రభుత్వ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. డబ్బు పోయిన సంగతైతే ఆలస్యం లేకుండా 1930కి ఫోన్ చేయాలని అందరికీ చెప్పాం. ఇంటింటికీ తిరిగి, ఆధార్ బయోమెట్రిక్స్‌కి తాళం వేసే సదుపాయం ఉందని చూపించి వేయించాం. వేలిముద్రతో డబ్బు తీసేవాళ్లకు అదొక అడ్డు.

ఇదంతా ఎలా జరిగిందో మేనల్లుడు రెండు రోజులు కూర్చుని నాకు అర్థమయ్యేలా చెప్పాడు. మీ పాఠకులకు అదే చెప్పాలని నా తాపత్రయం.

ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి చిరునామాకూ 65,535 పోర్టులుంటాయి, ఇంటి తలుపుల్లాగ. వీఎన్‌సీ మామూలుగా 5900 దగ్గర మొదలవుతుంది, మొదటి డెస్క్‌టాప్ 5901లో ఉంటుంది. విండోస్‌లో ఇదే పని చేసే రిమోట్ డెస్క్‌టాప్ తలుపు 3389. ఈ నంబర్లు ప్రపంచమంతటికీ తెలుసు. రాత్రీ పగలూ ప్రతి చిరునామాకూ వెళ్లి ఈ తలుపులు తట్టి చూసే ప్రోగ్రాములు తిరుగుతూ ఉంటాయి. మనం ఎవరో వాటికి తెలియక్కర్లేదు, తలుపు పలికితే చాలు. "నేను చిన్నవాడిని, నా సర్వర్ ఎవరికి కావాలి" అనుకోవడం నేను చేసిన మొదటి తప్పు.

రెండోది పాస్‌వర్డ్. వీఎన్‌సీ 1990లలో కేంబ్రిడ్జిలోని ఒక పరిశోధన శాలలో పుట్టింది. గదిలో ఒకరినొకరు ఎరిగినవాళ్లు వాడుకునే కాలం అది. దాని పాత పద్ధతి పాస్‌వర్డ్‌లో మొదటి ఎనిమిది అక్షరాలే లెక్కలోకి తీసుకుంటుంది, మిగతావి వదిలేస్తుంది. ఇంగ్లీషులో గోదావరి అని రాస్తే సరిగ్గా ఎనిమిది అక్షరాలు. నేను చేర్చిన 1986 అసలు లెక్కలోకే రాలేదు. నా తలుపుకు ఉన్న తాళం గోదావరి అన్న ఒక్క మాట. పైగా ఆ పాత పద్ధతిలో తెర బొమ్మలు, మనం కొట్టే అక్షరాలు ఏ రహస్య లిపీ లేకుండా దారిలో పోతాయి. మధ్యలో కాపు కాసినవాడు చదువుకోవచ్చు.

మరి ఏం చేయాలి? ఎస్ఎస్‌హెచ్ అనే ప్రోగ్రాం ఉంది, దూరాన ఉన్న కంప్యూటర్‌తో మనం మాట్లాడేదంతా రహస్య లిపిలోకి మార్చి పంపుతుంది. 1995లో ఫిన్లాండులోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో టాటు యిలోనెన్ అనే పరిశోధకుడు రాశాడు. వాళ్ల నెట్‌వర్క్ మీద ఎవరో పొంచి ఉండి పాస్‌వర్డులు దొంగిలించడమే ఆయన చేత అది రాయించింది. మామూలుగా 22వ పోర్టులో ఉంటుంది. దాని లోపల నుంచి వీఎన్‌సీని తీసుకెళ్లవచ్చు.

దీన్ని మా వాళ్లకు నేను ఇలా చెప్తాను. పి.గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడక్టు మనందరం చూసిందే. కాటన్ దొర కాలంలో కట్టినది ఒకటి, తర్వాత డొక్కా సీతమ్మ గారి పేరుతో కట్టినది ఒకటి. కింద నది వరదొచ్చి ఎర్రగా పారుతున్నా పైన కాలువ నీళ్లు తన గట్ల మధ్య తాను అవతలి సీమకు వెళ్తాయి. రెండూ కలవవు. ఇంటర్నెట్ ఆ నది. ఎస్ఎస్‌హెచ్ ఆ అక్విడక్టు. మన డెస్క్‌టాప్ అందులో పోయే కాలువ. నేను మునుపు చేసిందేమిటంటే కాలువను తీసుకెళ్లి నదిలో కలిపి, అవతల ఒడ్డున మళ్లీ అవే నీళ్లు దొరుకుతాయని కూర్చోవడం.

చేతల్లో ఇది కష్టం కాదు. సర్వర్‌లో వీఎన్‌సీని మొదలుపెట్టేటప్పుడే, బయటివాళ్లకు పలకొద్దు, లోకల్‌హోస్ట్‌కే పలుకు అని చెప్పాలి. అంటే ఆ యంత్రం తనతో తాను మాట్లాడుకునే 127.0.0.1 అనే లోపలి చిరునామా. ఏ తలుపులు బయటికి తెరిచి ఉండాలో చెప్పే ఫైర్‌వాల్‌లో 5901 మూసేసి 22 ఒక్కటే ఉంచాలి. తర్వాత మన ల్యాప్‌టాప్‌లో ఒక్క లైను కొట్టాలి. మేనల్లుడు నాకు ఫోన్‌లో చెప్పినట్టే రాస్తున్నాను: ఎస్ఎస్‌హెచ్, ఖాళీ, డ్యాష్, వెంటనే పెద్ద ఎల్, ఖాళీ, 5901, కోలన్, లోకల్‌హోస్ట్, కోలన్, 5901, ఖాళీ, మన యూజర్ పేరు, ఎట్ గుర్తు, సర్వర్ చిరునామా. ఎల్ తప్పకుండా పెద్ద అక్షరమే. చిన్న ఎల్‌కి అర్థం వేరు, అది కొట్టి నేను ఒక సాయంత్రమంతా తిప్పలు పడ్డాను. ఆ నల్ల కిటికీ మూయకుండా ఉంచి, వీఎన్‌సీ చూసే ప్రోగ్రాంలో సర్వర్ చిరునామాకు బదులు లోకల్‌హోస్ట్, 5901 అని ఇస్తే తెర వస్తుంది. మన ల్యాప్‌టాప్‌లోని 5901 తలుపు తెరిస్తే సర్వర్ లోపలి 5901 గదిలో తేలతామన్నమాట. విండోస్ 10లోనూ, ఆ తర్వాతి వాటిలోనూ ఎస్ఎస్‌హెచ్ ఉండనే ఉంది, కొనేది ఏమీ లేదు. నెట్ నెమ్మదిగా ఉన్న రోజున ఆ లైనులోనే డ్యాష్ పెద్ద సి చేరిస్తే పంపేవన్నీ కుదించి పంపుతుంది. డెస్క్‌టాప్ కూడా ఎక్స్ఎఫ్‌సీఈ లాంటి తేలికైనది పెట్టుకుంటే మా ఊరి 4జీ మీద మ్యాపు బాగానే కదులుతోంది.

ఒక్క హెచ్చరిక. ఎస్ఎస్‌హెచ్‌కి కూడా పాస్‌వర్డ్ మాత్రమే పెట్టి ఊరుకుంటే మళ్లీ మొదటికే వస్తాం. 22 తలుపును కూడా తడుతూనే ఉంటారు. కొత్త సర్వర్ లాగ్, అంటే వచ్చిపోయినవాళ్ల చిట్టా, మొదటి రోజు తెరిచి చూశాను. ఒక్క రాత్రిలో వందల సార్లు ఎవరెవరో రూట్ (సర్వర్ మీద సర్వాధికారాలున్న ఖాతా) అనీ, అడ్మిన్ అనీ పేర్లు కొట్టి ప్రయత్నించారు. అందుకని తాళంచెవుల జత చేసుకోవాలి. ఒకటి రహస్యమైనది, మన ల్యాప్‌టాప్ దాటి ఎక్కడికీ పోకూడదు, దానికో పొడుగాటి మాట కాపలా పెట్టాలి. రెండోది బహిరంగమైనది, సర్వర్‌లో పెట్టాలి. ఆ జతతో లోపలికి వెళ్లగలుగుతున్నామని చూసుకున్నాక సర్వర్‌లో పాస్‌వర్డ్ లాగిన్‌నీ, రూట్ లాగిన్‌నీ ఆపేయాలి. ఆపేటప్పుడు, తెరిచి ఉన్న కిటికీ మూయకుండా పక్కన ఇంకో కిటికీలోంచి వెళ్లి చూడండి. పొరపాటు జరిగితే మొదటి కిటికీలోంచి సరిచేసుకోవచ్చు. రహస్య తాళంచెవి కాపీ నేను పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఫీల్డు పుస్తకాలున్న బీరువాలోనే దాచాను.

మొదటిసారి కలిపినప్పుడు సర్వర్ తన వేలిముద్ర లాంటి అక్షరాల వరస చూపించి, ఇది నిజంగా నీ సర్వరేనా అని అడుగుతుంది. అందరం చూడకుండా అవును కొట్టేస్తాం. అద్దె కంపెనీ వెబ్‌సైట్‌లో కన్సోల్ అని ఉంటుంది, అక్కడ సర్వర్ వేలిముద్ర చూసి రెండూ పోల్చండి. రెండు నిమిషాల పని. తర్వాత ఎప్పుడైనా ఆ వేలిముద్ర మారిందని హెచ్చరిక వస్తే, కారణం తెలిసేదాకా ముందుకు పోకండి.

నలుగురైదుగురు కలిసి వాడేచోట, ఫోన్ల నుంచి కూడా చూసుకోవాల్సిన చోట ప్రతిసారీ ఈ లైను కొట్టడం ఇబ్బందే. అలాంటివాళ్లకు వైర్‌గార్డ్ అనే వీపీఎన్, అంటే మన యంత్రాల మధ్య ఇంటర్నెట్ మీద రహస్యంగా వేసుకునే సొంత దారి, బాగుంటుంది. 2020 నుంచి అది లైనక్స్ మూలభాగమైన కెర్నల్‌లోనే ఉంది. దాని ఉద్దేశమూ ఇదే, డెస్క్‌టాప్ తలుపు వీధికి కనిపించకూడదు.

ఇక మన రైస్‌మిల్లులు, రొయ్యల మేత డీలర్లు, ఆడిటర్ల ఆఫీసుల సంగతి. వీళ్ల లెక్కలన్నీ విండోస్ యంత్రాల్లో ఉంటాయి. యజమాని ఇంటి నుంచి చూసుకోవడానికి రూటర్‌లో 3389 తెరిచి ఇచ్చేస్తున్నారు. నాకు జరిగింది చెబుతూ తెలిసినవాళ్లను అడిగితే మా చుట్టుపక్కలే నాలుగు చోట్ల అలా ఉందని తేలింది. 2019 మేలో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. పాత విండోస్‌ల రిమోట్ డెస్క్‌టాప్‌లో పాస్‌వర్డ్ అవసరమే లేకుండా లోపలికి దూరగలిగే లోపం అది. ఎంత ప్రమాదమంటే, అప్పటికే వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ మరమ్మతు ఇచ్చింది. అలాంటి రోజున మీ పాస్‌వర్డ్ ఎంత పొడుగున్నా ఏం లాభం? విండోస్ 7కి 2020 జనవరి 14తో మామూలు మద్దతు ఆగిపోయింది, మన దగ్గర ఇంకా నడుస్తూనే ఉంది. ఆ యంత్రంలో కూలీల ఖాతా నంబర్లు, రైతుల బాకీలు ఉంటాయని యజమానులు గుర్తుపెట్టుకోవాలి. పోర్టు నంబరు 3389 నుంచి ఇంకోదానికి మారిస్తే చాలని కొందరు చెబుతారు. ఆ తట్టేవాళ్లు అన్ని నంబర్లూ తడతారు, అది రక్షణ కాదు.

నా సర్వర్ సిద్ధం చేసిన షాపాయన మీద నాకు కోపం లేదు. ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఇవన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, ఆయన తెలుగు మీడియంలో చదువుకున్నారు. నన్ను బాధించేది అదే. వరదొస్తే ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని మా లంకల్లో చదువురానివాళ్లకు కూడా తెలుసు. ఏళ్ల తరబడి రేడియోలు, పత్రికలు తెలుగులో చెబుతూ వచ్చాయి కాబట్టి తెలుసు. బ్యాంకు వాళ్లమని ఫోన్ చేసి స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించే మోసాల గురించి మీరు తరచూ రాయబట్టే మా ఇంట్లో వాళ్లు ఇప్పుడు అలాంటి ఫోన్లు పెట్టేస్తున్నారు. సర్వర్ల గురించి కూడా అలా రాయండి. వారానికో పావు పేజీ చాలు. జిల్లాలోని పాలిటెక్నిక్కులు, డిగ్రీ కాలేజీల కంప్యూటర్ మాస్టార్లను అడిగితే సంతోషంగా రాసిస్తారు. అలాగే రైతుల కాగితాలు తీసుకుని కంప్యూటర్లలో పెట్టే ప్రతి సంఘం, ప్రతి ఆఫీసు ఆ యంత్రాన్ని బయట నుంచి ఎలా తెరుస్తున్నారో అడిగితే చెప్పగలగాలి. ఇలాంటి చొరబాటు తెలిసిన 6 గంటల్లో తమకు తెలపాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్, కంపెనీలకు, ప్రభుత్వ సంస్థలకు ఆదేశాలిచ్చింది. దాచిపెట్టడం వల్ల రైతుకే నష్టం.

మా మ్యాపు పని మళ్లీ సాగుతోంది. ఫీల్డు పుస్తకాల్లోంచి పోయిన లెవెళ్లలో మూడు వంతులు ఎక్కించాను, ప్రతి శనివారం హార్డ్ డిస్కులోకి కాపీ తీస్తున్నాను. ఆధార్ నకళ్లు ఇప్పుడు సర్వర్‌లో ఒక్కటి కూడా లేవు. మ్యాపు గీయడానికి అవి అసలు అక్కర్లేదు, మొదట్లోనే అడగకూడదు. ఆ రైతమ్మ గారింటికి వెళ్లి ఆ మాట చెప్పి వచ్చాను. ఆదివారాలు పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా మా ఊరి గ్రంథాలయంలో ఉంటున్నాను. మిల్లు వాళ్లు గానీ, షాపుల వాళ్లు గానీ, చదువుకునే పిల్లలు గానీ ల్యాప్‌టాప్ తీసుకుని వస్తే ఈ దారి దగ్గరుండి వేయించి పంపుతాను. పోయిన వారం ఇద్దరు వచ్చారు, అందులో ఒకరు ఆ షాపాయన.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్,
మలికిపురం మండలం, కోనసీమ జిల్లా